వింటే చదివినట్టేనా? మా అమ్మ ఒప్పుకోవట్లేదు

తెనాలి అమ్మాయి

కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మా అమ్మకి 73. తెనాలిలో ఒక్కతే ఉంటుంది, కింద వాటాలో పిన్ని వాళ్లున్నారు. నేను హైదరాబాద్. మొన్న ఉగాదికి వెళ్తే గోడ క్యాలెండర్ ముందు నిలబడి, మెడ ఒక పక్కకి వాల్చి, కోడి చూసినట్టు చూస్తోంది. ఏంటమ్మా అంటే, "తేదీ మీద చూపు పెడితే ఆ తేదీయే మాయమవుతోందే. పక్క గడిలోకి చూస్తే ఇది కనబడుతోంది" అంది. తలుపు అంచు వంకరగా కనబడటం అంతకు ఆరు నెలల ముందే మొదలైందట. చెక్క ఉబ్బిందేమోనని వడ్రంగిని పిలిపించి, అతను బానే ఉందంటే నమ్మకుండా రెండు వందలిచ్చి చిత్రిక పట్టించింది కూడా. కంటి డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

రెటీనా మధ్యలో ఉండే మాక్యులా దెబ్బతిందట, రెండు కళ్లలోనూ. ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ఉన్న చూపు నిలబెట్టుకోవడానికే తప్ప పోయింది తిరిగి రాదన్నారు. చుట్టుపక్కల చూపు ఉంది కాబట్టి నడుస్తుంది, వండుకుంటుంది, వచ్చిన మనిషిని నడకని బట్టి పోల్చుకుంటుంది. అక్షరం మాత్రం చిక్కట్లేదు. భూతద్దం పెడితే పేపర్లో హెడ్డింగులు వస్తాయి, నాలుగు లైన్లకే తలనొప్పి.

అమ్మ ఎలాంటి పాఠకురాలో చెప్తే గానీ నా ప్రశ్న అర్థం కాదు. పెళ్లయిన కొత్తలోంచీ వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసి పుస్తకం చేసుకునేది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. వెనక పేజీలో సబ్బుల ప్రకటనలు, వారఫలాలు, సగం తెగిన కార్టూన్లు, అన్నీ అందులోనే. అలాంటివి మా ఇంట్లో 31 ఉన్నాయి, బీరువాలో పట్టుచీరల కింద. ఒకదాంట్లో పదిహేడో వారం లేదు. ఆ వారం నేను పుట్టాను, పత్రిక కొనే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ చోట నాన్న ఒక తెల్ల కాగితం పెట్టి కుట్టాడు, ఎప్పటికైనా దొరికితే అతికిద్దామని. దొరకలేదు. నాన్నా లేడు.

సరే, ఫోన్లో ఆడియో పుస్తకాల యాప్ ఒకటి వేసి, అమ్మ బీరువాలో ఉన్న నవలే ఒకటి దొరికితే పెట్టిచ్చాను. నాలుగు రోజులు విని పక్కన పెట్టేసింది. "ఇది చదవడం కాదే. ఎవరో చదివి, నాకు చెబుతున్నారు."

ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. తనకి ఆగాలనిపించిన చోట ఆ చదివే మనిషి ఆగదు. మధ్యాహ్నం కునుకు పడితే మూడు అధ్యాయాలు వెళ్లిపోతాయి. "పుస్తకమైతే గుండెల మీద అలాగే ఉండేది, లేచాక పేజీ ఎక్కడిదక్కడే ఉండేది" అంటుంది. ఒకామె చెప్పిన మాట మళ్లీ చూసుకోవాలంటే అది ఎడమ పేజీలో అడుగున ఉంటుందని అమ్మకి తెలుసు. ఫోన్లో ఎడమ ఏది, అడుగు ఏది? అన్నిటికన్నా పెద్ద గొడవ గొంతు. ఆ కథానాయికకి నలభై ఏళ్లుగా అమ్మ తన మేనత్త గొంతు ఇచ్చి చదువుకుంది. ఇప్పుడెవరో పాతికేళ్ల పిల్ల ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే, "ఆవిడ అలా మాట్లాడదే" అని కోపం.

పిన్ని కొడుకు ఊరుకోక, "వింటే చదివినట్టే పెద్దమ్మా, ఇప్పుడందరూ వినడమే" అన్నాడు. "అయితే నువ్వు భోంచెయ్యి నాయనా, నేను ఎదురుగా కూర్చుని చూస్తాను, నాకూ కడుపు నిండుతుందేమో" అంది.

అమ్మకి ఇది అలవాటు చెయ్యడం ఎలా? అసలు అమ్మ అన్నదాంట్లో నిజముందా?


పాత అట్ట

మీ అమ్మగారి భోజనం మాట అదిరింది. ఆవిడే కరెక్టు.

నేను అచ్చు పుస్తకం మనిషిని, ముందే చెప్పేస్తున్నా. కానీ ఉద్యోగం బెంగళూరు, ఇల్లు అనంతపురం, వారం వారం కారులో ప్రయాణం. దారిలో వినడం తప్ప గతిలేదు. ఏడాదికి పది పన్నెండు పుస్తకాలు అవుతున్నాయి. "అయ్యాయి" అంటాను, "చదివాను" అనడానికి నోరు రాదు. మొన్నొక నవల్లో బాగేపల్లి టోల్‌గేట్ దగ్గర ఎవరో చచ్చిపోయారు. ఎందుకు చచ్చిపోయాడో నాకిప్పటికీ తెలీదు, ఆ టైములో ఫాస్టాగ్ పనిచెయ్యక వెనకున్న లారీవాడు హారన్ కొడుతున్నాడు. వెనక్కి తిప్పి వినొచ్చు కదా అంటారు. ఎనభైలో పోతూ ఎవడు తిప్పుతాడండీ. మనిషి పోయాడు పాపం అనుకుని ముందుకెళ్లిపోవడమే.

ఒక వింత మాత్రం ఉంది. పెనుకొండ కొండ కనబడగానే ఎప్పుడో అక్కడ విన్న ఒక పెళ్లి సీను ఇప్పటికీ గుర్తొస్తుంది, ఆ పెళ్లికూతురు కట్టిన చీర రంగుతో సహా. మీ అమ్మగారికి ఎడమ పేజీ అడుగు ఎలాగో నాకు పెనుకొండ అలాగ. అదొక్కటే వినడం తరఫున నేనిచ్చే సాక్ష్యం.


ఆరు చుక్కలు

నాకు పుట్టుకతోనే చూపు లేదు. విజయనగరం జిల్లాలో హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈ మెసేజ్ కూడా ఫోన్ చదివి వినిపిస్తుంటేనే రాస్తున్నాను.

ముందు మాట సంగతి. మేం "చదివాను" అనే అంటాం. "నిన్న ఫలానా పుస్తకం విన్నాను" అని మాలో ఎవరూ అనరు. అయినా అమ్మగారిది చాదస్తం అని కొట్టిపారెయ్యను. చిన్నప్పుడు నేను బ్రెయిలీలో చదివాను, మూడు వందల పేజీల పుస్తకం నాలుగైదు లావుపాటి వాల్యూములయ్యేది. అందులో నాక్కూడా "ఎడమ పేజీ అడుగు" ఉండేది, వేలికి తెలిసేది. చెవికి మారాక అది పోయింది. ఇంకోటి కూడా పోతుంది, అది మీకు తట్టదు: స్పెల్లింగు. బ్రెయిలీ సరిగ్గా నేర్చుకోకుండా ఆడియోతోనే పెరిగిన మా పిల్లలు "బాధ"ని "బాద" అని కొడతారు, ళ ఎక్కడో ల ఎక్కడో తెలియదు. పుస్తకాలు బోలెడు తెలుసు, అక్షరం తెలియదు. కాబట్టి రెండూ ఒకటే అని నేను సర్టిఫికెట్ ఇవ్వను. అమ్మగారికి ఆ భయం లేదు, అక్షరాలన్నీ ఎప్పుడో లోపలికి వెళ్లిపోయాయి.

పరీక్ష పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. 2010లో అమెరికాలో కాలేజీ పిల్లలకి ఒకే పాఠాన్ని కొందరికి పాడ్‌కాస్ట్‌గా, కొందరికి కాగితం మీద ఇచ్చి క్విజ్ పెడితే విన్నవాళ్లు బాగా వెనకబడ్డారు. 2016లో అక్కడే పెద్దవాళ్లకి ఒక పుస్తకంలో భాగాలిచ్చి చూస్తే, విన్నా, తెర మీద చదివినా, రెండూ కలిపి చేసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా క్లాసులో చూసేదీ ఇంచుమించు అంతే. కథ చెప్తే ఒక్కసారికే పట్టేస్తారు. పాఠమైతే వెనక్కి వెళ్లాలి, వెనక్కి వెళ్లడం చెవికి కష్టం.

అందుకే అమ్మగారికి కావలసింది ముందు ఆపడం, వెనక్కి వెళ్లడం. టచ్ స్క్రీన్ మీద ఇది ఎన్నటికీ అలవాటు కాదు, ఆశ పెట్టుకోకండి. పైకి తగిలే బటన్లున్న చిన్న బ్లూటూత్ స్పీకర్ కొనండి. ప్లే బటన్ మీద ఒక బొట్టుబిళ్ల అంటించండి, వెనక్కి వెళ్లే బటన్ మీద రెండు. నవ్వకండి, మా ఇంట్లో వాషింగ్ మెషిన్, మిక్సీ, గీజర్ స్విచ్, అన్నీ బొట్టు పెట్టుకునే ఉంటాయి. యాప్‌లో స్లీప్ టైమర్ పదిహేను నిమిషాలకి పెడితే కునుకు సమస్య తీరుతుంది.

గొంతు గొడవకి నా దగ్గరో మందుంది గానీ నచ్చుతుందో లేదో. నేను నవలలు మెషిన్ గొంతుతోనే చదువుతాను. మనిషి చదివిన ఆడియో కన్నా అదే ఇష్టం. మెషిన్ నటించదు, ఏడవదు, ముద్దుముద్దుగా మాట్లాడదు. అది అక్షరాలిస్తుంది, గొంతు నేను వేసుకుంటాను. మేనత్త గొంతు వేసుకున్న ఆవిడకి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. కానీ తెలుగు మెషిన్‌కి నాలుక తిరగదు. తల్లో జడనీ జడత్వంలో జడనీ ఒకలాగే పలుకుతుంది. మనం "వచ్చాడు" అనేటప్పుడు ఆ "చా" ఎలా సాగుతుందో దానికి తెలియదు, రాసినట్టే బల్లగుద్ది అంటుంది. వారం రోజులు చిరాకేస్తుంది, తర్వాత చెవి సర్దుకుంటుంది.

పేజీ నంబర్లు కావాలంటే డైసీ పద్ధతిలో (అచ్చు చదవలేనివాళ్ల కోసం వచ్చిన డిజిటల్ పుస్తకాల పద్ధతి) చేసిన పుస్తకాలు చూడండి. అందులో అచ్చు పుస్తకం పేజీ నంబరు ఉంచే వీలుంది, 142కి వెళ్లమంటే వెళ్తుంది. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ మాలాంటివాళ్ల కోసమే. అమ్మగారి కంటి సర్టిఫికెట్‌తో సభ్యత్వానికి ప్రయత్నించండి.


తెనాలి అమ్మాయి

ఆరు చుక్కలు గారూ, చాలా థాంక్సండీ. శనివారం వెళ్లి స్పీకర్ ఇచ్చొచ్చాను.

బొట్టుబిళ్లలు కొనడం మర్చిపోయి, "అమ్మా, స్టిక్కర్లు ఏమైనా ఉన్నాయా" అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. నాన్న పోయాక అమ్మ పెట్టుకోవడం లేదు. ఏమీ అనలేదు. అద్దం వెనక చెయ్యి పెట్టి ఒక ప్యాకెట్ తీసిచ్చింది, ఆరేళ్ల కిందటిది. జిగురు ఎండిపోయింది, ఫెవిక్విక్ పెట్టి అంటించాను. మెరూన్ రంగువి. ప్లే మీద ఒకటి, వెనక్కి మీద రెండు.

ఆపడం వచ్చేసింది. తెగ ఆపుతోంది! పిన్ని ఫోన్ చేసి, "మీ అమ్మ ఆ పిల్లని ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వట్లేదే" అంది. మెషిన్ గొంతు మాత్రం పడలేదు. రెండు పేజీలు విని, "ఇతను మనవాడు కాదేమో, పాపం కష్టపడుతున్నాడు" అని జాలిపడి ఆపేసింది.

పాత అట్ట గారూ, మీరు కారాపి ఆ హత్య సంగతి ఒకసారి వినండి. నాకు టెన్షన్‌గా ఉంది.


మైకు ముందు

పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. రాజమండ్రిలో మా ఇంట్లోనే, రాత్రి పదకొండు తర్వాత. ముద్దుముద్దుగా మాట్లాడిన ఆ పాతికేళ్ల పిల్లని నేను కాదు, నాకు యాభై రెండు.

అమ్మగారి మాట నాకు గట్టిగానే తగిలింది. "ఎవరో చదివి నాకు చెబుతున్నారు" అన్నది అక్షరాలా నిజం. కామా దగ్గర ఎంతసేపు ఆగాలన్నది నేను తేల్చేస్తాను. "వెళ్లిపో" అన్న ఒక్క మాట కోపంగా అనాలా, విసుగ్గానా, ఏడుస్తూనా? అచ్చులో మూడూ ఉంటాయి. నేను చదివాక ఒకటే మిగులుతుంది. వినేవాళ్లందరి తరఫునా నేనే చదివేసినట్టు. ఒక్కోసారి అందుకే కావాలని చప్పగా చదువుతాను, అప్పుడు "ఫీలింగ్ లేదు" అని కామెంట్లు పెడతారు.

తెలుగు నవలల్లో ఇంకో చిక్కుంది. ఇద్దరి మధ్య సంభాషణ పేజీ మొత్తం నడుస్తుంది, ఎక్కడా "అన్నాడు", "అంది" ఉండదు. కంటికి లైను మారితే మనిషి మారాడని తెలుస్తుంది. చెవికి లైను లేదు. గొంతు మార్చక తప్పదు, మారిస్తే అమ్మగారికి కోపం!

పని కూడా తేలిక కాదు. గంట ఆడియో తేలాలంటే నాకు నాలుగు గంటలు. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్ తీసెయ్యాలి (ఒకసారి మళ్లీ పెట్టడం మర్చిపోయి రెండు లీటర్ల పాలు విరిగిపోయాయి). ప, ఫ వచ్చినప్పుడు మైకు డబ్ డబ్‌మంటుంది. నోరు ఎండితే టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది, పుల్లటి ఆపిల్ ముక్క కొరికితే తగ్గుతుంది.

ఇంతకీ నేను చెప్పొచ్చేది, ఆ 31 కుట్టుపుస్తకాలు మీరే చదివి రికార్డు చెయ్యొచ్చు కదా? అందులో చాలావాటికి ఆడియో ఎవరూ చేసి ఉండరు. మీ గొంతు ఆవిడకి "ఎవరో" కాదు. పైగా సీరియల్ అంటే వారం వారం విరగ్గొట్టే ఉంటుంది, ఒక్కో వారం ఒక్కో ఫైలు. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టండి. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోండి, గది మోత తగ్గుతుంది. నటించకండి. పేజీ తిప్పినప్పుడల్లా "కుడి పేజీ", "ఎడమ పేజీ" అని చెప్పండి. ప్రకటనలు కూడా చదవండి.

కాపీరైట్ గురించి కంగారు పడకండి. చూపు లేనివాళ్లకి పుస్తకం అందే రూపంలోకి మార్చుకోవడానికి 2012లో చట్టం సవరించి మరీ వెసులుబాటు ఇచ్చారు. మీరూ మీ అమ్మగారే వాడుకోండి, యూట్యూబులో మాత్రం పెట్టకండి.


పాత అట్ట

కారాపి విన్నాను. ఆస్తి తగాదా. ఇంతోటిదానికి నేను పది రోజులు నిద్రపోలేదు.


తెనాలి అమ్మాయి

నెల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి. మైకు ముందు గారు చెప్పినట్టే మొదలుపెట్టాను.

రెండు కుట్టుపుస్తకాలు హైదరాబాద్ తెచ్చుకుని, రాత్రిళ్లు బీరువా ముందు కూర్చుని చదువుతున్నాను. మా ఆయన మొదట్లో విచిత్రంగా చూసేవాడు, ఇప్పుడు "తర్వాతేమైంది" అని అడుగుతున్నాడు. సబ్బు ప్రకటనలు, వారఫలాలు అన్నీ చదివాను. 1980లో కన్యారాశి వాళ్లకి ఆ వారం స్త్రీమూలక ధనలాభం.

అనుకున్నంత సులువుగా లేదు. నాలుగో వారం పంపిన రోజు రాత్రి ఫోన్. "కుడి పేజీ మొదట్లో ఒక లైను మింగేశావే." చూశాను. నిజమే, మింగేశాను. ఇంకోసారి "అక్కడ నువ్వు అంత సాగదీశావేంటి, అది మామూలుగా అంటాడు" అంది. నాకు ఒళ్లు మండి, "నీకు మొత్తం నోటికొస్తే ఇంక నేనెందుకు చదవడం" అన్నాను. "నోటికొస్తుందని ఎవరన్నారు? తప్పు చదివితే తెలుస్తుంది, అంతే" అంది.

చదివినట్టా, విన్నట్టా అని నేనిప్పుడు అడగటం మానేశాను. కానీ ఒక సంగతి జరిగింది, మీకు చెప్పకుండా ఉండలేను.

పదహారో వారం అయ్యాక తెల్ల కాగితం వచ్చింది. ఏం చెయ్యాలో తోచక, "ఎడమ పేజీ, ఖాళీ. కుడి పేజీ, ఖాళీ" అని రికార్డు చేసి పంపాను. తర్వాతి ఆదివారం తెనాలి వెళ్తే అమ్మ వంటింట్లో పప్పు పెట్టుకుంటూ, "ఆ వారంది నేను చెప్తాను, పట్టుకో" అంది. నాకర్థం కాలేదు. అది చదవనేలేదు కదా నువ్వు, అన్నాను.

చదవలేదట. విందట. నన్ను కన్నాక ఆసుపత్రిలో పక్క మంచం మీద కొల్లిపర నుంచి వచ్చిన ఒకావిడ ఉందట, ఆవిడకీ ఈ సీరియలే. వాళ్లాయన పత్రిక తెస్తే, అమ్మ బాలింత, కళ్లు నొప్పులొస్తాయని మా అమ్మమ్మ ముట్టుకోనివ్వలేదు. ఆవిడ మాత్రం ఆ మాట లెక్కచెయ్యకుండా చదివేసి, దీపాలార్పాక చీకట్లో కథంతా చెప్పింది. ఆవిడ పేరు అమ్మకి గుర్తులేదు. "హీరో మాటలు కూడా కొల్లిపర యాసలోనే చెప్పింది. ఆ ఒక్క వారం మట్టుకు వాడు నాకు అలాగే మాట్లాడతాడు" అంది.

నలభై అయిదేళ్ల తర్వాత పదకొండు నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి రికార్డు చేశాను. పదిహేడో వారం అని పేరు పెట్టి వరసలో కలిపేశాను.

మైకు ముందు గారూ, ఒక చిన్న సాయం. ఆ ఫైల్లో రెండు చోట్ల కుక్కర్ కూత ఉంది, ఒకటి సరిగ్గా హీరో ఉత్తరం చింపేసే చోట. దాన్ని తియ్యడానికి ఏదైనా యాప్ ఉందా అని అడుగుదామనుకున్నాను. అమ్మ వద్దంటోంది, మూడో కూతకి పొయ్యి కట్టెయ్యాలని తనకి గుర్తుంటుందట. గొంతు ఒక్కటే కాస్త చిన్నగా వచ్చింది, అది పెంచడం ఎలాగో చెప్పండి చాలు.